ఇనుప తుక్కు నిండిన నేలలో పాత బిళ్ళల వేట: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, కాజీపేట, బెల్లంపల్లి, రామగుండం వైపు మెటల్ డిటెక్టర్ పట్టుకున్న ప్రతివాళ్ళకీ ఎదురయ్యే చిక్కు ఒకటే. పాత మిల్లుల చుట్టుపక్కల, అంగడి జాగల్లో, బండ్ల బాటల వెంబడి అడుగడుగునా ఇనుము ఉంటుంది. మొలలు, బోల్టులు, బండి చక్రాల పట్టా ముక్కలు, ఎడ్ల నాడాలు, విరిగిన కొడవళ్ళు. యంత్రం గురగురమంటూనే ఉంటుంది. ఈ గోలలో వేలెడంత ఇత్తడి బిళ్ళను పట్టుకోవడం ఎట్లా అన్నదే ఇక్కడి ప్రశ్నల్లో ఎక్కువ భాగం.

బిళ్ళలంటే నాణేలేనా?

కాదు. నాణేన్ని సర్కారు ముద్రిస్తుంది, ఊరంతా చెలామణీ అవుతుంది. బిళ్ళ ఒక మిల్లుకో, గనికో, స్టేషనుకో, మున్సిపాలిటీకో మాత్రమే చెల్లుతుంది. హాజరు కోసం కార్మికులకిచ్చే నంబరు బిళ్ళ, స్టోరులో పనిముట్టు తీసుకున్నప్పుడు బదులుగా అప్పగించే బిళ్ళ, క్యాంటీన్ టోకెన్, రైల్వే కూలీ చేతికి కట్టుకునే ఇత్తడి బిళ్ళ, సైకిల్ పన్ను కట్టినందుకు ఇచ్చే బిళ్ళ, బంట్రోతు నడుము పట్టీ మీది బిళ్ళ, ఇవన్నీ ఈ కోవలోవే. బొగ్గు గనుల లాంప్ రూముల్లో కార్మికుడు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకునేవాడు, పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ వెనక్కి తీసుకునేవాడు. షిఫ్టు అయిపోయాక కూడా బోర్డు మీద బిళ్ళ మిగిలి ఉందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. ఒక నాణెం ఎవరి జేబులోంచి జారిందో ఎన్నటికీ తెలియదు. బిళ్ళ మీద నంబరు మాత్రం ఒకానొక మనిషిది. నాకు నాణేల కంటే బిళ్ళలు ఎక్కువ ఇష్టం కావడానికి కారణం ఇదే.

ఎక్కడ వెతకొచ్చు? ఎక్కడ వెతకకూడదు?

ముందు వద్దన్నవి చెప్తాను, ఎందుకంటే అవి తేల్చుకోకుండా యంత్రం ఆన్ చేయకూడదు. ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప లాంటి రక్షిత కట్టడాల దగ్గరికి డిటెక్టర్ తీసుకెళ్ళనే వద్దు. 1958 నాటి కేంద్ర చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ పరిధిలో కట్టడాలకూ తవ్వకాలకూ అనుమతుల లెక్క ఉంది. రక్షిత స్థలంలో లైసెన్సు లేకుండా తవ్వితే నేరం. కోట లోపల ఇళ్ళూ పొలాలూ ఉన్నాయి కదా, ఒక రైతు ఒప్పుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు.

గోదావరి ఒడ్డున కోటిలింగాల, పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరు, ధూళికట్ట లాంటి శాతవాహనుల కాలం దిబ్బలూ అంతే. అక్కడ దొరికిన నాణేలు తెలంగాణ చరిత్ర తొలి అధ్యాయాన్ని తిరగరాయించాయి. ఒక వస్తువు ఏ మట్టి పొరలో, దేని పక్కన ఉందో తెలిస్తేనే దాని చరిత్ర పూర్తిగా చదవగలం. ఆ పొరను మనం కుర్పీతో కెలికితే మళ్ళీ పేర్చలేం. రైల్వే జాగా, అటవీ భూమి, గనుల కంపెనీ భూములు, చెరువు కట్టలు, గుడి మాన్యాలు కూడా వదిలేయండి.

మరి మిగిలేదేమిటంటే, పట్టా భూములు. యజమాని ఒప్పుకున్న పాత రైస్ మిల్లు ఆవరణ, జిన్నింగ్ మిల్లు వెనక ఖాళీ జాగా, ఒకప్పుడు అంగడి జరిగి ఇప్పుడు చెలకైన నేల, కూలిపోయిన పెంకుటింటి దొడ్డి. వరంగల్‌లో 1934లో మొదలైన అజంజాహి మిల్లు వేలమందికి పనిచ్చింది. ఆ కార్మికులు నడిచిన దారులు, వాళ్ళ వాడలు, టీ కొట్లు ఊరంతా పరుచుకుని ఉండేవి. అందుకే బిళ్ళ కోసం మిల్లు గేటు దగ్గరే వెతకనక్కర్లేదు. మనిషి అలసిపోయి కూర్చున్న చోట కూడా జేబులోంచి జారుతుంది.

ఊళ్ళోవాళ్ళు గుప్తనిధుల ముఠా అనుకుంటే?

అనుకుంటారు, ఆ అనుమానంలో న్యాయం ఉంది. నిధుల కోసమని రాత్రిపూట గుళ్ళ దగ్గరా కోటల దగ్గరా తవ్విపోసేవాళ్ళు మన జిల్లాల్లో పదేపదే పట్టుబడుతూనే ఉన్నారు. కాబట్టి పట్టపగలే వెళ్ళండి. భూయజమానితో కాగితం మీద సంతకం పెట్టించుకోండి, సర్వే నంబరుతో సహా. సర్పంచ్‌కు చెప్పండి, పోలీస్ స్టేషన్‌లో ఒక మాట వేసి రండి. తవ్వేటప్పుడు యజమాని ఇంటివాళ్ళు ఒకరు పక్కన ఉంటే ఇంకా మంచిది. చూడ్డానికొచ్చిన పిల్లలకు హెడ్‌ఫోన్ పెట్టి వినిపిస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

బిళ్ళ జానెడు లోతులోనే ఉన్నా యంత్రానికి ఎందుకు వినిపించదు?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. చాలామంది లోతు చాలట్లేదనుకుని పెద్ద కాయిల్ (యంత్రం కింది కొసన ఉండే గుండ్రటి పళ్ళెం) కొంటారు. ఇనుప నేలలో సమస్య లోతు కాదు, పక్కనున్న ఇనుము.

డిటెక్టర్ కాయిల్ నేలలోకి మారే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దానివల్ల లోహంలో చిన్న విద్యుత్ సుడులు పుడతాయి, ఆ సుడుల నుంచి తిరిగొచ్చే సిగ్నల్‌ను కాయిల్ వింటుంది. ఇత్తడి, రాగి, వెండి అయితే ఆ సుడులదే రాజ్యం. ఇనుము సుడులు పుట్టించడమే కాకుండా తానే అయస్కాంతంలా స్పందిస్తుంది, అందుకే దాని సిగ్నల్ వేరుగా, బలంగా వస్తుంది. మొల, బిళ్ళ ఒకే సమయంలో కాయిల్ కింద ఉంటే యంత్రానికి రెండు వస్తువులు కనబడవు. రెండూ కలిసిన ఒకే సిగ్నల్ అందుతుంది, అందులో మొల పైచేయి అయితే బిళ్ళ మాయమవుతుంది.

రెండో కారణం వేగం. ఇనుము మీదుగా వెళ్ళాక యంత్రం మళ్ళీ సిద్ధం కావడానికి క్షణంలో చిన్న భాగం పడుతుంది. ఆలోపే కాయిల్ బిళ్ళను దాటిపోతే ఇంకేమీ వినిపించదు. రికవరీ స్పీడ్ అని మెనూలో ఉండేది దీన్ని సరిచేయడానికే. ఇనుప నేలలో దాన్ని పెంచండి. కొంత లోతు తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. పసుపు రంగు ఐదు రూపాయల నాణేన్ని నేల మీద పెట్టి, దానికి రెండు వేళ్ళ దూరంలో తుప్పు మొలలు రెండు మూడు పేర్చండి. ఒక్కో సెట్టింగ్ మారుస్తూ కాయిల్ ఊపి చూడండి. మొలను కొంచెం జరిపితే నాణెం వినిపిస్తుంది, మళ్ళీ దగ్గరికి తెస్తే ఆగిపోతుంది. దీనికి ఒక సాయంత్రం కేటాయించండి, పుస్తకాలు చదివినదానికన్నా ఎక్కువ అర్థమవుతుంది. స్టీల్ రూపాయితో మాత్రం చేయకండి. 1992 నుంచి వస్తున్న స్టీల్ రూపాయి నాణేలు అయస్కాంతానికి అంటుకుంటాయి, పరీక్ష తప్పుదోవ పట్టిస్తుంది.

డిస్క్రిమినేషన్ పెంచేసి ఇనుమును పూర్తిగా నొక్కేస్తే ప్రశాంతంగా ఉంటుంది కదా?

ప్రశాంతంగానే ఉంటుంది, బిళ్ళలు కూడా దొరకవు. డిస్క్రిమినేషన్ ఇనుమును నేలలోంచి తీసెయ్యదు, మనకు వినిపించకుండా చేస్తుంది, అంతే. యంత్రం మూగబోయిన ఆ క్షణంలో పక్కనున్న బిళ్ళ కూడా మూగబోతుంది. పైగా ఎక్కడ ఇనుము దట్టంగా ఉందో, ఎక్కడ పలచగా ఉందో మనకు తెలియకుండా పోతుంది. నేను ఇనుప నేలలో డిస్క్రిమినేషన్ దాదాపు సున్నా దగ్గర పెట్టి, ఇనుముకు మందంగా గురగురమనే టోన్, మిగతా లోహాలకు సన్నటి టోన్ పెట్టుకుంటాను. ఇనుము శబ్దం ఎక్కువగా ఉంటే దాని వాల్యూమ్ ఒక్కటే తగ్గించే సౌకర్యం చాలా యంత్రాల్లో ఉంది. మొదట్లో తలనొప్పి వస్తుంది. పోనుపోను చెవి అలవాటుపడి, గురగురల మధ్య చిన్నగా వచ్చే “టిక్” అన్నదాన్ని పట్టుకుంటుంది.

ఏ కాయిల్ మంచిది?

చిన్నది. ఆరు అంగుళాల చుట్టుపక్కల. పెద్ద కాయిల్ కింద ఒకేసారి ఐదారు మొలలు పడతాయి, చిన్నదాని కింద ఒకటో రెండో. సెన్సిటివిటీ (సన్నటి సిగ్నల్‌ను పట్టే శక్తి) కూడా కొంచెం దించండి, లేకపోతే ఉత్తుత్తి టిక్కులు పెరుగుతాయి.

కాయిల్ ఎట్లా ఊపాలి?

నెమ్మదిగా. గది ఊడ్చినట్టు ఊపితే ఇనుప నేలలో దక్కేది సున్నా. కాయిల్ నేలకు దాదాపు తగులుతూ, చేతి వెడల్పు దూరంలోనే అటూ ఇటూ జరపాలి. ఒక మంచమంత జాగాను అరగంట వెతికినా తప్పులేదు. తూర్పు పడమరలుగా అయ్యాక అదే జాగాను ఉత్తర దక్షిణాలుగా మళ్ళీ చూడాలి. మొల పొడవైనది కాబట్టి ఒక దిక్కు నుంచి బిళ్ళను కప్పేసినా, ఇంకో దిక్కు నుంచి సందు ఇస్తుంది. ఒకే జాగాలో రెండోసారి దొరికినవాటిలో ఎక్కువ భాగం ఇలా దిక్కు మార్చినందుకు దొరికినవే.

సన్నటి శబ్దం వచ్చింది. అది బిళ్ళేనని ఎలా నమ్మాలి?

పూర్తిగా నమ్మే దారి లేదు, కానీ ఊహ పదునెక్కే దారులున్నాయి. కాయిల్‌ను అక్కడే అటూ ఇటూ పొట్టిగా ఊపండి. బిళ్ళ శబ్దం ఎప్పుడూ ఒకే బిందువు మీద వస్తుంది. మొల కూడా అప్పుడప్పుడు దాని కొసల దగ్గర సన్నగా పలుకుతుంది, కానీ మీరు చుట్టూ తిరిగి వేరే దిక్కు నుంచి ఊపితే ఆ శబ్దం చోటు మారిపోతుంది. శబ్దం ఒక్క దిక్కు నుంచే వస్తున్నా, వచ్చిన ప్రతిసారీ అదే చోట వస్తుంటే తవ్వండి. ఇనుము పక్కనున్న బిళ్ళ లక్షణం అదే.

ఇంకోటి, కాయిల్‌ను మెల్లగా పైకెత్తండి. చిన్న వస్తువు శబ్దం జానెడు లేచేసరికి పడిపోతుంది. అంతెత్తునా మోగుతూనే ఉంటే కింద పెద్ద ఇనుప ముక్క, బహుశా నాగలి కర్రు ముక్కో, చక్రం పట్టానో ఉన్నట్టు.

మోసం చేసేవి కొన్నున్నాయి. సోడా, బీరు సీసాల రేకు మూతలు, రేకు ముక్కలు, అన్నిటికన్నా వాషర్లు. ఇనుమైనా సరే, గుండ్రటి రింగు చుట్టూ విద్యుత్ సుడి హాయిగా తిరుగుతుంది, అందుకే వాషర్ మంచి లోహంలా మోగుతుంది. మన దగ్గర ఇది మరీ చిక్కు, ఎందుకంటే 1943 నుంచి 1947 దాకా వచ్చిన బ్రిటిష్ ఇండియా పైసా కూడా నడిమధ్య తూటు ఉన్న కంచు రింగే. వాషర్ అనిపించి వదిలేసినవాటిలో ఆ తూటు పైసలు ఉండొచ్చు. కాబట్టి వాషర్లు కూడా తవ్వాల్సిందే.

స్క్రీన్ మీద నంబరు చూసి తేల్చుకోలేమా?

ఆ నంబరు కింద ఏ లోహం ఉందో యంత్రం చెప్పే అంచనా. శుభ్రమైన నేలలో దానితో కొంతవరకు తేల్చుకోవచ్చు. ఇనుము పక్కనున్నప్పుడు ఆ నంబరు కిందికి జారుతుంది, ఒక్కో ఊపుకు ఒక్కోటి చూపిస్తుంది. పాత అల్యూమినియం అయిదు, పది, ఇరవై పైసలు, మందుబిళ్ళల రేకు, పలచటి ఇత్తడి టోకెన్ అన్నీ మధ్య నంబర్లలో కలిసిపోతాయి. చెవిని నమ్మండి, కన్ను తర్వాత.

నల్లటి బరువైన రాళ్ళ దగ్గర యంత్రం పిచ్చిగా మోగుతుంది. అవేమిటి?

చాలావరకు చిట్టెం. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కొలిమిలో కరిగించినప్పుడు మిగిలిన మడ్డి. నల్లగా, అక్కడక్కడా గాజులా మెరుస్తూ, గాలి బుడగల తూట్లతో, చేతిలో తూకంగా ఉంటుంది. ఉత్తర తెలంగాణలో శతాబ్దాల పాటు ఇనుము తీశారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో (లోహం కరిగించే మట్టి పాత్రల్లో) తయారైన ఉక్కు దూరదేశాల కత్తుల తయారీకి వెళ్ళింది. నిర్మల్ వైపు కూడా ఆ పని సాగింది. ఊరి పొలిమేరల్లో చిట్టెపు దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి.

నా మాట వింటే ఆ దిబ్బల మీద వెతకకండి. చిట్టెంలో ఇంకా ఇనుము మిగిలే ఉంటుంది కాబట్టి యంత్రం ఎలాగూ పనిచేయదు. అంతకన్నా ముఖ్యం, ఆ దిబ్బే ఒక సాక్ష్యం. కొలిమి గొట్టాల మట్టి ముక్కలు, మూస పెంకులు అందులోనే ఉంటాయి. అలాంటి దిబ్బల్ని రోడ్డు పనులకు తవ్వి పోస్తున్న చోట ఫోటో తీసి, హెరిటేజ్ తెలంగాణ శాఖకు తెలియజేస్తే మీరు ఏ బిళ్ళ తీసినదానికన్నా పెద్ద మేలు చేసినవాళ్ళవుతారు.

ఏ నేల, ఏ కాలం అనుకూలం?

ఎర్ర చెలకల్లో ఇనుప ఆక్సైడ్లు ఉంటాయి, అందుకే చోటు మారినప్పుడల్లా గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల సొంత సిగ్నల్‌ను యంత్రం పట్టించుకోకుండా చేసే సర్దుబాటు) మళ్ళీ చేయాలి. రేగడి ఎండాకాలం బీటలు వారుతుంది. పైనున్న చిన్న వస్తువులు ఆ బీటల్లోకి జారి లోతుకు పోతాయి. తడిసిన చౌడు నేల ఉప్పు వల్ల తనే మోగుతుంది, అక్కడ సమయం వృథా. మిరుగం వానలు పడి, దుక్కి దున్ని, ఇంకా విత్తనం వేయని నాలుగు రోజులు అన్నిటికన్నా మేలైనవి. విత్తాక చేలోకి అడుగు పెట్టకండి.

ఎట్లా తవ్వాలి?

పిన్‌పాయింటర్‌తో (చేతిలో పట్టే చిన్న డిటెక్టర్) చోటు ఖాయం చేసుకుని, దానికి నాలుగు వేళ్ళ దూరం నుంచి కుర్పీ దించండి. గడ్డపార వద్దు, ఒక్క పోటుకు బిళ్ళ అంచు వంగిపోతుంది. పైకి తీసిన మట్టిని గోనె పట్టా మీద పోసి చూసి, తిరిగి గుంటలో నింపి తొక్కండి. ఒకటి దొరికాక గుంటను మళ్ళీ పరీక్షించాలి. పైనున్న మొల తీశాక కిందిది అప్పుడే నోరు విప్పుతుంది. తీసిన ఇనుమును అక్కడే పారేయకుండా సంచిలో వేసుకుని పాత సామాను వాళ్ళకు ఇవ్వండి. రైతు కాలికి మొల గుచ్చుకోదు, మళ్ళీ వెతికినప్పుడు మీకు గోల తగ్గుతుంది. చేతులకు మందమైన గ్లవుజులు, టీటీ ఇంజెక్షన్ తప్పనిసరి. గుండు ఆకారంలో బరువైన అనుమానపు లోహం ఏది కనబడినా ముట్టుకోకుండా పోలీసులకు ఫోన్ చేయండి.

బిళ్ళ మీద ఉర్దూ అంకెలున్నాయి. ఎట్లా చదవాలి?

నిజాం కాలపు వస్తువుల మీద ఇవి మామూలే. అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. సున్నా అంటే చిన్న చుక్క. గుండ్రంగా, హృదయాన్ని తలకిందులు చేసినట్టు కనిపించేది అయిదు, దాన్ని సున్నా అనుకోకండి. ఇంగ్లీషు వీ అక్షరంలా ఉంటే ఏడు, అదే తలకిందులైతే ఎనిమిది. అంటే బిళ్ళను తిప్పి పట్టుకుంటే ఏడు ఎనిమిదవుతుంది. అప్పుడు తూటును చూడండి. వేలాడదీసే బిళ్ళకు తూటు పైభాగంలోనే ఉంటుంది, పైగా ఏళ్ళ తరబడి మేకుకు వేలాడి వేలాడి ఆ తూటు పైఅంచు అరిగి కోలగా సాగి ఉంటుంది. అరిగిన వైపే పైవైపు.

భూతద్దం ఉంటే అంకెల్ని దగ్గరగా చూడండి. అచ్చులో పోసిన అంకెలు సమానంగా ఉంటాయి. సుత్తితో ఒక్కో అంకె కొట్టినవైతే ఒకటి లోతుగా, ఒకటి పక్కకు ఒరిగి, ఒకటి రెండుసార్లు పడి నీడలా కనిపిస్తుంది. అలాంటివి ఆ మిల్లు వర్క్‌షాపులోనే తయారై ఉండే అవకాశం ఎక్కువ.

సంవత్సరం ఉంటే అది ఫసలీ కావచ్చు, హిజ్రీ కావచ్చు. నిజాం సర్కారు దఫ్తరాల్లో ఫసలీ నడిచేది, దానికి 590 కలిపితే సుమారు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1343 అంటే 1933-34 ప్రాంతం. హిజ్రీ చాంద్రమానం కాబట్టి ఆ లెక్క కుదరదు. హిజ్రీ 1329 అంటే 1911, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన ఏడు. చార్మినార్ బొమ్మ ఉండి, దాని ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం కనిపిస్తే అది బిళ్ళ కాదు, హైదరాబాద్ సంస్థానం నాణెం.

చింతపండుతో తోమితే తళతళలాడుతుంది కదా?

దయచేసి వద్దు. చింతపండు, నిమ్మకాయ, బూడిద ఇంట్లో ఇత్తడి చెంబులకు. నేలలో దశాబ్దాలున్న బిళ్ళ మీది ఆకుపచ్చ, గోధుమ రంగు పొర దానికి రక్షణ. పులుపు ఆ పొరను తినేస్తుంది, దానితోపాటు సన్నటి అంకెలు కూడా పోతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తబడిన మట్టిని వెదురు పుల్లతో తీయండి. నీడన బాగా ఆరబెట్టి, ఒక్కోదాన్ని విడిగా కాగితం కవర్లో పెట్టండి. లేత ఆకుపచ్చ పొడి రాలుతూ ఉంటే లోపల ఉప్పు పనిచేస్తోందని అర్థం. దాన్ని మిగతావాటికి దూరంగా, తేమ లేని చోట ఉంచి, తెలిసినవాళ్ళకు చూపించండి.

దొరికినవి మనవేనా? అమ్ముకోవచ్చా?

తవ్వకముందే భూయజమానితో మాట్లాడుకున్న ఒప్పందం మొదటిది. నేలలో విలువైనవి, ముఖ్యంగా నాణేల కుండలాంటివి బయటపడితే వెంటనే పని ఆపి, ఉన్నవి ఉన్నచోటే ఉంచి తహసీల్దార్ ద్వారా కలెక్టర్‌కు తెలియజేయాలి. దాచిపెడితే కేసవుతుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణేలు, కళాఖండాల్లాంటివి పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు. నంబరు బిళ్ళలకు మార్కెట్లో పెద్ద ధర లేదు. డబ్బు కోసమైతే ఈ పనిలోకి రావద్దనే చెప్తాను.

దొరికిన బిళ్ళతో ఏం చేయాలి?

తీసిన వెంటనే, జేబులో వేసుకోకముందే, గుంటలో ఉండగా ఒక ఫోటో. ఫోన్‌లో లొకేషన్, సర్వే నంబరు, లోతు, పక్కన ఏమేం దొరికాయి, నేల రంగు, ఇవన్నీ అదే రోజు నోట్‌బుక్‌లో రాయండి. కవరు మీద కూడా అదే నంబరు వేయండి. ఎక్కడ దొరికిందో తెలియని ఇత్తడి బిళ్ళ ఉత్త ఇత్తడి ముక్కగా మిగిలిపోతుంది.

తర్వాత మనుషుల దగ్గరికి వెళ్ళండి. మిల్లుల్లో, గనుల్లో, స్టేషన్లలో పనిచేసి రిటైరైన పెద్దవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఆ ఆకారం బిళ్ళ ఏ డిపార్ట్‌మెంట్‌కు ఇచ్చేవాళ్ళో, పోగొట్టుకుంటే జీతంలో ఎంత కోసేవాళ్ళో వాళ్ళే చెప్పగలరు. వాళ్ళు ఒప్పుకుంటే ఆ మాటలు ఫోన్‌లో రికార్డు చేసి, బిళ్ళ నంబరుతో కలిపి భద్రపరచండి. రెండు మూడు బిళ్ళల మీద ఒకే గుర్తు కనిపిస్తే కరీంనగర్ పురావస్తు మ్యూజియంలో గానీ, దగ్గర్లోని యూనివర్సిటీ చరిత్ర విభాగంలో గానీ చూపించండి. వెళ్ళేటప్పుడు బిళ్ళతోపాటు నోట్‌బుక్ కూడా తీసుకెళ్ళండి, వాళ్ళు ముందు అడిగేది దాన్నే.